నక్క గుహలో వాడిన ఆకులు

ఫోనులో బొమ్మ ఆగిపోయి సున్నా గిరగిరా తిరుగుతుంటే తిట్టుకుంటారు గానీ, ఆ చిక్కు ఈనాటిది కాదు. ఉప్పువాగు అడవిలో అది ఎలా ముదిరిందో నేను చెబుతుంటే కొండలు కూడా దగ్గు ఆపుకుని విన్నాయి.

ఆ ఏడు వాన అంటే మామూలు వాన కాదు, ఆకాశం తిరగబడి వాగులో పడింది. కారుకొమ్ము అనే దుప్పి ఆవలి గట్టుకు దాటుతూ కాలు బెణికించుకుని అక్కడే పడిపోయాడు. అతని జత మల్లెచుక్క ఈ గట్టున ఉండిపోయింది.

గట్ల మధ్య ఒకటే అడవితీగ. దానిమీద నడవగలిగేవి ఉడతలే, కాబట్టి టపా వాటిదే. అడవిలో జాబంటే ఆకు. కంటికొసో మూతో ఆకుకు రుద్దితే అంటే వాసనే మాట. పూట గడిస్తే వాసన చచ్చిపోతుంది.

తీగ ఆవలి మొన దగ్గర మోదుగయ్య అనే గుంటనక్క గుహ ఉంది. గుప్పెడు రేగుపళ్లు పుచ్చుకుని ఎవరి ఆకైనా లోపల పెట్టి, ముందొచ్చినదాన్ని ముందు ఉడతలకు అందించేవాడు. తన గుహకొచ్చిన ఆకు వెనక్కి పోయిన చరిత్రే లేదని అతని గొప్ప. ఆ గుహలో ఒక ఏనుగు దారి తప్పి, ముసలిదై బయటికొచ్చిందంటే చూసుకోండి. వద్దనేవాడు లేకపోయేసరికి కోతులు చింతకాయ పులుపని ఒకసారి, మామిడికాయ ఇంకా పులుపని ఒకసారి మోపులు మోపులు పంపేవి. అందరూ అందలం ఎక్కితే మోసేదెవరు? మోసే ఉడతలు అవే, తీగ అదే; వంతు వచ్చేసరికి ఆకులు గుహలోనే వాడిపోయేవి.

మల్లెచుక్కకు ఒకనాడు ఎండి పొడి అవుతున్న ఆకు అందింది. "రేవులో నీళ్లు మోకాలికి దిగాయి, దాటి రా" అని వాసన లీలగా ఉంది. పరుగున వెళ్లి దిగితే నీళ్లు మెడకొచ్చాయి. ఆ మాట ఎప్పటిదో. చావు తప్పి గట్టెక్కి, ఆ పొడి ఆకునే గడ్డం కింద పెట్టుకుని పడుకుంది.

"అతను ఎలా ఉన్నాడు, చారలమ్మత్తా?" అని ముసలి ఉడతను అడిగింది.

"ఇటే మొహం పెట్టుకుని ఉంటాడే తల్లీ. ఈ గట్టు గాలి వీస్తే లేవబోతాడు, లేవలేడు."

అతని ఆకు ముందుగా తేలేవా అంటే, వరుస తప్పితే తీగ కొరికేస్తానని మోదుగయ్య కట్టడి చేశాడంది. రేవు సంగతి తనకు తెలియదు, తన దారి తీగ ఒక్కటే.

వాగులో కొట్టుకొచ్చిన చచ్చిన దున్న ఒకటి ఈ గట్టున పడింది. దుప్పి జాతి పుట్టాక జరగనిది అప్పుడు జరిగింది: మల్లెచుక్క తనంతట తాను మోదుగయ్య చుట్టాలైన నక్కల గుంపు దగ్గరికి వెళ్లింది. దూకుడుకు అందనంత దూరంలో నిలబడి దున్న జాడ చెప్పి, పెద్దదిక్కు మోదుగయ్యను అడక్కుండా తింటే మర్యాద కాదంది. నక్కలు సిగ్గుపడి, తీగకు కట్టి తొడ పంపమంటావా అని ఆకు పంపాయి. ఇటునుంచి అటు రద్దీ లేదు గనక క్షణంలో చేరింది.

మోదుగయ్య లొట్టలేస్తూ, పంపమని ఆకుకు మూతి రుద్దాడు. "ఇది ముందు పట్టుకెళ్లు."

"వెనక పెట్టు మామా, కోతుల మోపుల తర్వాత," అంది చారలమ్మ.

"గుహ నాది, ఆకు నాది."

"వరుస కూడా నీదే. కొరుకు తీగని, తొడ ఎలా వస్తుందో చూస్తాను."

నక్క గుటకలు మింగాడు. ఆకలి ముందు గొప్ప ఏపాటిది? వాసన చచ్చిన ఆకులన్నీ కాళ్లతో వాగులోకి తోశాడు. తమ మోపులు తేలిపోతుంటే కోతులు కొమ్మలమీద లబోదిబోమన్నాయి. గుహ మళ్లీ నిండితే మళ్లీ తోయిస్తానని, చిన్న తొర్ర చాలని, ఇంటికొక ఆకు వంతున పంపాలని చారలమ్మ కట్టడి మార్పించింది. పంపినా నీళ్లపాలే అని తెలిశాక కోతుల నోళ్లు కూడా తగ్గాయి.

మల్లెచుక్కకు ఈసారి కారుకొమ్ము ఆకు తడితడిగా అందింది. అతను పక్కనే ఊపిరి వదిలినట్టుంది. అది చెప్పినట్టే, రేవులో దిగితే నీళ్లు మోకాలికే. ఆవలి గట్టున కారుకొమ్ము లేవలేకపోయాడు, మెడ మాత్రం చాచాడు. ఆమె వచ్చి ఆ మెడ కింద తల దూర్చింది.

మోదుగయ్య ఆకు కూడా చేరింది గానీ, చుట్టాలు అంతసేపు ఆగలేదు. తీగకు కట్టి పంపింది దున్న కొమ్ములు.

నీతి: చోటుంది కదా అని కబుర్లు పోగెయ్యకు, వాసన ఉండగా చేరిందే కబురు.