అట్టబొమ్మల జాతరలో నక్కగారి పెద్ద లైటు

విశాఖపట్నంలో పాత కూరగాయల మార్కెట్టు వెనక ఒక మైదానం ఉంది. ఏడాదంతా అక్కడ లారీలు ఆగుతాయి, కుర్రాళ్ళు బంతాట ఆడతారు. మామిడిపళ్ళ కాలం అయిపోగానే ఒక్క సాయంత్రం మాత్రం ఆ మైదానం జంతువులది. ఆ సాయంత్రాన్ని వాళ్ళు అట్టబొమ్మల జాతర అంటారు. తోలుబొమ్మలాట మీరు చూసే ఉంటారు, ఇదీ అలాంటిదే. కాకపోతే ఇక్కడ తోలు మాటెత్తితే మేకలు లేచి వెళ్ళిపోతాయి. వాళ్ళ బాధ వాళ్ళది, మనం తప్పుపట్టలేం. అందుకని మార్కెట్లో పారేసిన మామిడిపళ్ళ అట్టపెట్టెలతో బొమ్మలు చేసుకుంటారు.

ఆ బొమ్మలు చేసేది తాయారమ్మ అనే మేక. ఆవిడకి కత్తెరా గిత్తెరా అక్కర్లేదు. అట్టముక్క నోట కరుచుకుని అటు కాస్త కొరికి, ఇటు కాస్త కొరికి వదిలితే సొరకాయల రాజు తయారు, మీసంతో సహా. కొరికిందంతా కడుపులోకే పోతుంది కాబట్టి ఆ రోజుల్లో ఆవిడకి వేరే మేత కూడా ఉండదు. బొమ్మలకి గొంతు అరువిచ్చేది కాకి కనకం. దాని పాట గురించి నన్నడక్కండి. మాటకు మాట అంటించడంలో మాత్రం దాన్ని మించినవాళ్ళు మార్కెట్టులో లేరు.

ఈ జాతరలో రెండు కట్టుబాట్లున్నాయి. పొట్టివాళ్ళు ముందు కూర్చోవాలి, పొడుగువాళ్ళు వెనక కూర్చోవాలి, ఎంత గొప్పవాళ్ళయినా సరే. రెండోది, బొమ్మ ఏదైనా అంటే జనం నోరు మూసుకుని ఊరుకోకూడదు, బదులివ్వాలి. జనం ఏదైనా అడిగితే బొమ్మా బదులివ్వాలి. ఉల్లిపాయ బస్తాలు మోసే గాడిద గవరయ్య ఏడాది పొడుగునా నోరెత్తడు. జాతరలో సొరకాయల రాజుకీ వంకాయ దొరసానికీ పెళ్ళయ్యే ఘట్టం రాగానే మాత్రం గొంతు సవరించుకుని, "పెళ్ళి భోజనంలో ఎండుగడ్డి ఉందా?" అని అడుగుతాడు. ఎప్పుడూ అదే ప్రశ్న. రాజుగారు ఏడాదికో జవాబు చెబుతాడు, జనం కడుపులు పట్టుకుంటారు.

ఈ ఏడు గవరయ్య జాతరకి కొన్నాళ్ళ ముందే వచ్చి తాయారమ్మ పక్కన నిలబడ్డాడు.

"తాయారూ, నా కళ్ళకి పొర కమ్మింది. నిరుడు నీ లాంతరు వెలుగులో రాజెవరో దొరసాని ఎవరో తెలీలేదు. అందరూ నవ్వితే నేనూ నవ్వాను. వచ్చే ఏటికి అసలేమీ కనపడదేమో. ఈ ఒక్కసారికి నాకు బాగా కనపడేట్టు చూడు."

తాయారమ్మ కొరుకుతున్న అట్టముక్క కింద పెట్టింది. "పొడుగు పొట్టి మాట నీ విషయంలో వదిలేద్దాం మామా. తెరకి ముక్కానించి కూర్చో. మిగతాది నేను చూసుకుంటాను," అంది.

మాటయితే ఇచ్చింది గానీ లాంతరు పాతదే కదా. ముక్కానించినా ఆ గుడ్డి వెలుగులో ఏం కనపడుతుంది. ఆవిడ ఆ దిగులులో ఉండగా నక్క పరంధామం వచ్చాడు. మెడలో కండువా, నోట్లో లవంగం. చేపల రేవు దగ్గర్నుంచి బీచి రోడ్డు బంగళాల దాకా ఎవరి కబురు కావాలన్నా ఆయన్నే అడగాలి.

"అక్కయ్యా, ఇంత కళ చేతిలో పెట్టుకుని ఈ చిట్టి లాంతరు కింద ఆడిస్తారా. నేను లైటు తెస్తాను. పెట్రోమాక్స్ లైటు. వెలిగిస్తే పట్టపగలే."

"నీకేంటి లాభం?" అంది కనకం.

"కళాసేవమ్మా."

"మొన్న కోళ్ళగూటి దగ్గర చేసిందీ అదేనా?"

పరంధామం వినపడనట్టు తాయారమ్మ వైపు తిరిగాడు. ఆవిడ ఒక్కటే అడిగింది. "కళ్ళకి పొర కమ్మినవాళ్ళకి కూడా కనపడుతుందా బాబూ?"

"నాదీ పూచీ. ఇంకోటి, లారీలవాళ్ళు చూసుకోకుండా వెనక్కి తిప్పితే పిల్లలు చక్రాల కింద పడతారు. మైదానం చుట్టూ కంచె కూడా కట్టిస్తాను."

లైటు సంగతి వినగానే తాయారమ్మ కళ్ళ ముందు గవరయ్య మొహమే కదిలింది. కంచె మాట సగమే విని సరేనంది. కనకం ముక్కు విరిచింది.

జాతర సాయంత్రం వచ్చింది. సముద్రం మీంచి చల్లగాలి తిరిగింది. గుంజలు పాతి, మధ్యలో తెల్లటి పాత పంచె బిగించి కట్టారు. తెరకి ముందు మైదానం, వెనక సన్నటి సందు. ఆ సందులోంచే ఆడించేవాళ్ళు సామాను తెచ్చుకుని తెర వెనక నిలబడతారు. మైదానం చుట్టూ వెదురు తడికలు లేచాయి. ఒక్క గుమ్మం వదిలారు, గుమ్మంలో పరంధామం నిలబడ్డాడు.

మార్కెట్టు జనం ఎప్పటిలాగే పిల్లాజెల్లాతో వచ్చారు. పరంధామం కాలు అడ్డం పెట్టాడు.

"మెడలో పట్టీ ఉందా?"

"పట్టీ ఏంటి?" అంది కోడి.

"మెడపట్టీ. ఉన్నవాళ్ళకే లోపలికి. ఈ ఏడు జాతర పద్ధతిగా జరుగుతోంది."

గవరయ్య వంగి మెడ చూపించాడు. "నా మెడలో తాడుంది బాబూ. పనికొస్తుందా?"

"తాడు పట్టీ ఎలా అవుతుంది తాతా, పక్కకి జరుగు. పెద్దలొస్తున్నారు."

పెద్దలు రానే వచ్చారు. బీచి రోడ్డు బంగళాల నుంచి బొచ్చుకుక్కలు, బూడిదరంగు పిల్లులు, దున్నపోతంత వేటకుక్క ఒకటి. అందరి మెడల్లోనూ మెరిసే పట్టీలు. అందరి నోళ్ళలోనూ పరంధామానికి తెచ్చిన కోడికూర పొట్లాలు. ఆయన ఒక్కో పొట్లం అందుకుని తన పీట కింద దాచుకుంటున్నాడు. కళాసేవ అంటే ఏమిటో కనకానికి అప్పుడు పూర్తిగా అర్థమయింది.

తాయారమ్మ పరుగున వచ్చింది. "ఇదేం పని బాబూ? జాతర వాళ్ళది. వాళ్ళని బయట నిలబెడతావా?"

"బయటెందుకు అక్కయ్యా, తెర వెనక సందులో బోలెడు చోటుంది. బొమ్మలు కనపడకపోతేనేం, మాటలు వినపడతాయి. రేపటికి నీ పేరు బీచి రోడ్డంతా మోగుతుంది. వద్దంటావా, ఆట మానెయ్. లైటు నాది, కంచె నాది."

పాత లాంతరు పట్టుకుని మరో చోట ఆడించుకోవచ్చు, అది ఆవిడకి తెలియక కాదు. కానీ ఆ వెలుగులో గవరయ్యకి మళ్ళీ ఏమీ కనపడదు. ఆవిడ ఇచ్చిన మాట అక్కడ అడ్డం పడింది.

ఆవిడ సందులోకి వెళ్ళేసరికి జనమంతా క్యాబేజీ ఆకుల మధ్య సర్దుకుని కూర్చున్నారు. కోడిపిల్లలు కూడా అల్లరి మానేశాయి. గవరయ్య తెర వైపు మొహం పెట్టి పడుకున్నాడు.

"నేను వింటాన్లే తాయారూ. కనకం గొంతు రేవు దాకా వినపడుతుందిగా. నువ్వు బాధపడకు."

బాధపడకు అంటే మరీ బాధేసింది ఆవిడకి. నమ్మింది తను, చోటు పోయింది వాళ్ళకి. ఏడుపొక్కటే తక్కువ.

సరిగ్గా అప్పుడు పరంధామం లైటు తీసుకుని ముందు వైపుకి వెళ్ళాడు, అతిథులని కూర్చోబెట్టడానికి. ఆ వెలుగు ముందు నుంచి తెర మీద పడింది. సందు వైపు తెర మీద ఇంతెత్తున నక్క నీడ లేచింది. కండువా, మూతి, ఊగే తోక అన్నీ స్పష్టంగా ఉన్నాయి. కోడిపిల్లలు కిచకిచా నవ్వాయి. గవరయ్య చెవులు నిక్కబొడుచుకున్నాయి.

"తోకలా ఉందే," అన్నాడు తనలో తాను.

తాయారమ్మ గవరయ్య మొహం చూసింది, తెర చూసింది. లైటు తెరకి ఏ వైపుంటే బొమ్మ దాని అవతలి వైపు కనపడుతుంది. ఈ సంగతి జాతరకి వచ్చే కోడిపిల్లలకి కూడా తెలుసు. పరంధామానికి తెలీదు, ఎందుకంటే ఆయన ఒక్క ఏడూ వచ్చి కూర్చుని ఆట చూసిన పాపాన పోలేదు.

ఆవిడ గడ్డం సవరించుకుని, తెర కిందనుంచి దూరి ముందుకి వెళ్ళింది.

"బాబూ, తప్పుగా అనుకోకపోతే ఒక్కమాట. ఇంత లైటు తెచ్చావు, తీసుకెళ్ళి తెర వెనక పెట్టేస్తే పెద్దలకి లైటూ కనపడదు, నువ్వూ కనపడవు. చివరికి అట్టముక్కల్ని మెచ్చుకుని ఇంటికి పోతారు."

పరంధామం లవంగం నమలడం ఆపాడు. "అదీ నిజమే. అయితే?"

"లైటు ఇక్కడే, నీ అతిథుల ముందు పెట్టు. దానికీ తెరకీ మధ్య నువ్వు నిలబడి స్వాగతం చెప్పు. నీ మొహం మీద వెలుగు పడాలి. ఆ తర్వాత ఆట సంగతి మేం చూసుకుంటాం, ఆడించేది ఎలాగూ మేమేగా."

"నువ్వు పల్లెటూరి మేకవనుకున్నాను అక్కయ్యా. నీకూ లోకం తెలుసు," అన్నాడు పరంధామం. తనే లైటూ, పొట్లాలతో సహా తన పీటా మోసుకొచ్చి, లైటు పీట మీద పెట్టి, గాలి కొట్టి, దాని ముందు నిలబడి కండువా సర్దుకున్నాడు. తాయారమ్మ, కనకం బొమ్మల మూట తెచ్చుకుని ఆయన వెనక తెర పక్కన నక్కి కూర్చున్నారు.

"పెద్దలారా, నేను చిన్నప్పటి నుంచీ కళ కోసం ఆకలితో అలమటించినవాణ్ణి," అని మొదలుపెట్టాడు.

సందు వైపు తెర నిండా ఆయనే. తాయారమ్మ మెల్లిగా అట్టకోడిపుంజుని తీసి ఆయన ముక్కు నీడ మీద నిలబెట్టింది.

"ఆకలి సంగతి మా ఇంట్లోవాళ్ళనడుగు, చెబుతారు," అంది పుంజు, కనకం గొంతుతో.

సందంతా గొల్లుమంది. పరంధామం ఆ నవ్వులు తనకి మెప్పనుకున్నాడు. ఛాతీ విరుచుకుని ఇంకా గొంతెత్తాడు. "నా జీవితంలో ఒక్కనాడైనా నాకోసం ఏమీ ఉంచుకోలేదు."

"ఈకలు కూడానా?" అని సందులోంచి కోడి అడిగింది.

"ఈకలు మాత్రం గూట్లోనే వదిలేశాడమ్మా," అంది పుంజు. కోడిపిల్లలు దొర్లి దొర్లి నవ్వాయి.

అప్పటికి పరంధామానికి అనుమానం వచ్చి పక్కకి తప్పుకున్నాడు. ఆలస్యమయింది. సొరకాయల రాజుగారు తెర మీదకి వేంచేశారు. ఆట నడుస్తోంది, సందులోంచి మాటకి మాట పడుతోంది. పట్టీలవాళ్ళకి మాత్రం కళ్ళలో కొట్టే లైటు, దాని అవతల మేక వీపు, అంతే.

"పరంధామంగారూ, మేం ఈ మేకగారి తోక చూడ్డానికా వచ్చింది?" అంది స్వీటీ అనే బొచ్చుకుక్క. "అక్కడెందుకంత నవ్వుతున్నారు?"

జవాబు కోసం ఆగలేదు. తెర కిందనుంచి దూరి సందులోకి పోయింది. మరుక్షణం దాని నవ్వు కూడా ఆ నవ్వుల్లో కలిసింది. పిల్లులు, మిగతా కుక్కలు ఒకరి మొహం ఒకరు చూసుకుని దాని వెనకే దూరాయి. పోతూ పోతూ పీట కింద పొట్లాలు కూడా తీసుకెళ్ళాయి, అలవాటు కొద్దీ.

"పొట్టివాళ్ళు ముందు, పొడుగువాళ్ళు వెనక," అంది కోడి వాళ్ళని చూసి. "ఇక్కడ పట్టీలు చూడం." స్వీటీ కోడిపిల్లల పక్కన ఇరుక్కుంది. వేటకుక్క బుద్ధిగా గోడవారకి పోయి, వాసన కొడుతున్న క్యాబేజీల మధ్య నిలబడింది.

మైదానంలో ఖాళీ ఆసనాలు, కంచె, మధ్యలో పరంధామం మిగిలారు. ఆయనకి తిక్కరేగింది. "లైటు నాది. ఆర్పేస్తున్నాను," అన్నాడు.

తెర అవతల నుంచి వేటకుక్క తాపీగా అంది. "ఆర్పి చూడు."

ఆయన చూడదలుచుకోలేదు. ఈలోగా లైటు దానంతటదే మందగించింది. పెట్రోమాక్స్ లైటు సంగతి మీకు తెలిసిందే, మధ్య మధ్య గాలి కొట్టకపోతే కొండెక్కుతుంది.

"గాలి కొట్టు బాబూ," అంది తాయారమ్మ వెనక్కి తిరక్కుండానే. "పెళ్ళి ఘట్టం వచ్చేస్తోంది. మాకు చేతులు ఖాళీ లేవు."

పరంధామం పళ్ళు నూరుకుంటూ గాలి కొట్టాడు. తెర ధగధగలాడింది. రాజుగారి మీసం, దొరసాని ముక్కెర, పెళ్ళిపందిరి మామిడాకులు ఒక్కోటీ విడివిడిగా తేలాయి. సందులో అందరూ గవరయ్య వైపు తిరిగారు. అందరూ దేనికోసం ఎదురుచూస్తున్నారో అందరికీ తెలుసు. తెరకి ముక్కానించి కూర్చున్న గవరయ్య గొంతు సవరించుకున్నాడు.

"పెళ్ళి భోజనంలో ఎండుగడ్డి ఉందా?"

"ఎండుగడ్డేం ఖర్మ గవరయ్యా," అన్నాడు సొరకాయల రాజు. "నీకు పచ్చగడ్డి, మిగతావాళ్ళకి కోడికూర తప్ప అన్నీ. వడ్డించేది పరంధామంగారు. ఆ గాలి కొట్టడం అవ్వగానే వస్తారు."

ఆ నవ్వు రేవు దాకా వినపడిందని పడవల దగ్గర కొంగలు ఇప్పటికీ చెప్పుకుంటాయి. చివరి పాట అయ్యేదాకా పరంధామం గాలి కొడుతూనే ఉన్నాడు. ఆ రాత్రి ఆట చూడనివాడు ఆ మైదానం మొత్తం మీద ఆయనొక్కడే.

జనం తడికలు పీకి కోడిపిల్లలకి గూడు కట్టడానికి మోసుకుపోతున్నప్పుడు గవరయ్య తాయారమ్మ దగ్గరకొచ్చాడు. కళ్ళు తడిగా ఉన్నాయి.

"కనపడింది తాయారూ. రాజుగారి మీసం కూడా కనపడింది. అన్నిటికన్నా ఆ మొదటి బొమ్మ, నక్కది, ఎంత బాగా కుదిరిందో. తోక అచ్చం నిజం తోకే. అంత పెద్దది ఎప్పుడు కొరికావు?"

తాయారమ్మ పీట దగ్గర చెయ్యి నొక్కుకుంటున్న పరంధామం వైపు చూసింది.

"దాన్ని నేను కొరకలేదు మామా, దానంతటదే వచ్చి నిలబడింది. కావాలంటే వచ్చే ఏడూ పెడదాం."

పండుగ చుట్టూ కంచె కట్టినవాడు ఆ పండుగకి తనే బయటివాడవుతాడు.