తోలమంటే మోసిన గండడు

రాజుగారి ఖజానాలో దొంగ పడ్డాడు. పడితే పడ్డాడు, పారిపోతూ గోడ దగ్గర జారవిడిచిన నగల మూటని కాపలా కుక్కే నోట కరుచుకుని, వెంటపడి వెళ్లి, ఆ దొంగ చేతికి ఇచ్చి మరీ వచ్చింది.

ఆ రాజు పేరు కుంభసేనుడు. ఏడు సముద్రాలకి ఇవతలి ఒడ్డున ఆయన రాజ్యం. ఆయనకి ఒక్కతే కూతురు, ఇందుప్రభ. కుక్క ఆమెది, పేరు గండడు. దూడంత ఎత్తు, బొగ్గంత నలుపు, రంపంలాంటి పళ్లు. ఆ రూపం చూసినవాళ్లెవరైనా కాపలాకే పెడతారు. రాజుగారూ అదే చేశారు.

"దొంగకి మూట ఎందుకిచ్చావురా?" అని ఇందుప్రభ అడిగింది. అప్పట్లో జంతువులు మాట్లాడేవి.

"వాడి చేతిలోంచే పడిందమ్మా. పాపం, చూసుకోలేదు," అన్నాడు గండడు.

కుక్కని కోట బయటికి తరిమేయమన్నారు రాజుగారు. దానికి తగిన పని తనే చూస్తానంది ఇందుప్రభ. అన్నంత తేలిగ్గా అయితే దొరకలేదు.

ముందు వేటకి పంపింది. గండడు కుందేలుని పట్టాడు. వెంట్రుక చెదరకుండా తెచ్చి రాజుగారి కాళ్ల ముందు పెట్టాడు. కుందేలు ఒళ్లు దులుపుకుని పారిపోయింది. గండడు వెళ్లి మళ్లీ దాన్నే తెచ్చాడు. మళ్లీ పారిపోయింది. పొద్దు గూకేదాకా అదే కుందేలు. ఆ పూట కోటలో అందరూ పప్పుతో సరిపెట్టుకున్నారు.

తరవాత గొర్రెలు కాసే ఈరమ్మకి అప్పగించింది. వారం తిరక్కుండానే ఈరమ్మ కర్ర పట్టుకుని కోటకి వచ్చింది.

"తోలమంటే మోస్తున్నాడు తల్లీ. ఒక్కో పిల్లనీ నోట పెట్టుకుని ఇంటికి తెస్తాడు. ఈలోగా మంద ఎవరి చేలోనో పడుతుంది. తిట్లు నాకు. మీ కుక్కని మీరే ఉంచుకోండి."

ఇది చాలదన్నట్టు ఇంకో తలనొప్పి వచ్చిపడింది. ఇందుప్రభకి కాబోయే మొగుడు, పొరుగు రాజ్యపు యువరాజు జయకేతుడు, పెళ్లికి ముందు ఏదో ఒక ఘనకార్యం చెయ్యాలని వెళ్లి రాయైపోయాడు. ఏడు సముద్రాల అవతలి దీవిలో కరాళుడనే మాంత్రికుడున్నాడు. వాడి ప్రాణం ఒక చిలకలో ఉంది. ఆ చిలక మీద చెయ్యి పడితే కేక పెడుతుంది. కరాళుడు వచ్చి, చెయ్యి వేసినవాణ్ణి రాయి చేస్తాడు. పోనీ చిలకని చంపితే వాడితోపాటు విరుగుడు మంత్రమూ పోతుంది, రాళ్లు రాళ్లుగానే మిగులుతాయి. ఈ సంగతి పసిపిల్లలకి కూడా తెలుసు. ఇందుప్రభ వద్దని చెప్పింది కూడా. అయినా వెళ్లాడు.

నెత్తి కొట్టుకుని ఇందుప్రభ బయల్దేరింది. గండణ్ణీ వెంటబెట్టుకుంది. ధైర్యానికి కాదు, వదిలి వెళితే తండ్రి తరిమేస్తాడని.

ఒడ్డున పడవ సిద్ధంగా ఉంది. కుక్క లేదు. వెతికి చూస్తే, ఇసుకలోంచి అప్పుడే బయటపడ్డ తాబేలు పిల్లల్ని గద్దలు తన్నుకుపోకుండా ఒక్కొక్కటే నోట పెట్టుకుని నీళ్లలో వదులుతున్నాడు. పిలిచింది, తిట్టింది, చివరికి ఇసుకలో కూలబడింది. పిల్లలన్నీ నీళ్లు చేరేసరికి పడవ వెళ్లిపోయింది.

అప్పుడు నీళ్లలోంచి తల్లి తాబేలు లేచింది. వీపు ధాన్యం నూర్చే కళ్లమంత ఉంది. ఏ సముద్రం దాటాలని అడిగింది. ఏడూ దాటాలంది ఇందుప్రభ. ఎక్కమంది తాబేలు. ఉప్పు సముద్రం దాటారు, చెరకు రసం సముద్రం దాటారు. పాల సముద్రం, పెరుగు సముద్రం దగ్గర గండడు దిగుతానని పేచీ పెట్టాడు. ఎలాగో ఏడూ దాటారు.

దీవి నిండా రాతి రాజకుమారులే. జయకేతుడు చెట్టు కింద చెయ్యి పైకి చాచి నిలబడ్డాడు. ఆ చేతికి జానెడు దూరంలో, చెట్టు తొర్రలో, చిలక.

"చిలకని నా దగ్గరికి తే," అంది ఇందుప్రభ గండడితో. "నా దగ్గరికే. విన్నావా, నాకే."

గండడు మెల్లగా నోరు తెరిచి చిలకని అందుకున్నాడు. చెయ్యి తగల్లేదు. నోరు తొర్రలాగే వెచ్చగా, చీకటిగా ఉంది. చిలక రెక్కలో తల పెట్టుకుని నిద్రపోయింది. గండడు ఒక్క క్షణం వాసన చూశాడు. చిలక ఒంటినిండా కరాళుడి వాసన. వాడు దాన్ని ఎవరికి ఇస్తాడో ఇందుప్రభకి అర్థమైపోయింది.

వద్దురా అనేలోపే గండడు వెనక్కి తిరిగి, ఎవరి సొత్తు వాళ్లకి ఇవ్వడానికి పరుగెత్తాడు.

అరుగు మీద పడుకున్న కరాళుడు కళ్లు తెరిచాడు. నల్లటి కుక్క, రంపం పళ్లు, పళ్ల మధ్య తన చిలక తోక. మంత్రదండం ఎత్తి, దించేశాడు. కుక్క రాయైతే లోపల చిలక నలిగిపోతుంది. పరుగెత్తాడు. గండడూ వెంట పరుగెత్తాడు. "ఇదిగో నీ చిలక" అని చెప్పి ఉండేవాడే, కానీ నోట్లో చిలక ఉంది. కరాళుడు గోడెక్కి కూర్చున్నాడు. గండడు కింద నిలబడి తోక ఊపుతూ మోర ఎత్తాడు.

కరాళుడు గనక చెయ్యి చాపితే గండడు చిలకని ఇచ్చేస్తాడు, ఇక అంతే సంగతులు. ఆ సంగతి వెనకే వచ్చిన ఇందుప్రభకి తెలుసు. అయినా తీరిగ్గా అరుగు మీద కూర్చుంది.

"తల్లీ, నీ కుక్కని పిలుచుకో," అన్నాడు కరాళుడు గోడ మీంచి.

"ముందు అందర్నీ మనుషుల్ని చెయ్యి. తరవాత ఆ దండం సముద్రంలో పారెయ్యి. అప్పుడు చూద్దాం."

కరాళుడు విరుగుడు చదివాడు. రాళ్లు కదిలాయి. జయకేతుడు చెయ్యి దించి, ఇంకొంచెంలో పట్టేసేవాణ్ణి అన్నాడు. దండం నీళ్లలో పడింది. తాబేలు దాన్ని కరుచుకుని అడుక్కి పోయింది.

"ఇప్పుడు చెయ్యి చాపు," అంది ఇందుప్రభ.

కరాళుడు చాపాడు. గండడు చిలకని అరచేతిలో పెట్టాడు. ఈకైనా వంగలేదు. కరాళుడు చిలకని చూశాడు, కుక్కని చూశాడు, దండం మునిగిన చోటు చూశాడు.

పెళ్లి ఘనంగా జరిగింది. కుంభసేనుడు గండడి మెడకి బంగారు పట్టీ వేయించి, ఇంతటి శూరుడు ఖజానా దగ్గరే ఉండాలన్నాడు. ఇందుప్రభ ఆ పట్టీ ఊడదీసి, గండణ్ణి ఈరమ్మ దగ్గరికి తీసుకెళ్లింది. ఈరమ్మ కర్ర అందుకుంది.

"తోలడానికి కాదు ఈరమ్మా. వానల్లో వాగుల్లోనూ ముళ్లపొదల్లోనూ చిక్కుకుపోయే గొర్రెపిల్లల్ని తేవడానికి."

ఈరమ్మ కర్ర దించింది. ఆ వానాకాలం ఒక్క పిల్లా పోలేదు.

తండ్రి తరవాత ఇందుప్రభ, జయకేతుడు తలలు నెరిసేదాకా రాజ్యం చేశారు. అంత భయంకరమైన కుక్కని కోట గుమ్మం దగ్గర పెట్టరేమని ఏటా ఎవరో ఒకరు అడిగేవారు. జయకేతుడూ అడిగాడు, ఒకసారి కాదు. పెట్టనంది. పెట్టలేదు.