నీడలమ్మ కోనలో కలిసిన మాను

నీడలమ్మ కోనకు బస్సు దిగి రాళ్లబాటన కొంత దూరం ఎక్కితే ముందుగా కనిపించేది గుడి కాదు, ఒక నెమలినార మాను. ఇద్దరు చేతులు చాచి పట్టినా అందదు. దాని ఒళ్లంతా పైనుంచి కిందికి మడతలు పడి ఉంటాయి. ఇది ఒక చెట్టు కాదు, పలు మొక్కలు ఒరుసుకొని ఒకే మానైనాయి. దాని మొదలు దగ్గర అమ్మవారు శిలారూపంలో కొలువై ఉన్నారు.

పూర్వం ఇక్కడ అమ్మవారికి వేరొక నెమలినార నీడ ఉండేది. అది ముదిరి చెదపట్టింది. అమ్మకు నీడ తప్పకూడదు, ఏమి చేద్దామని ఆ సీమ నాయకుడు ఊరిని పిలిచి అడిగాడు. కొత్త మొక్క మాను కావాలంటే ఒక తరం పడుతుందని పెద్దలు తలలు పట్టుకున్నారు. తోటమాలి తిరుపాలు మాత్రం మీసం దువ్వాడు. వేరుముక్కలు నాటి మొలిపిస్తానని, ఆ మొక్కల బెరడు గీరి దగ్గరగా కట్టి అన్నిటినీ ఒకే మానుగా అతికిస్తానని, నాయకుడి కళ్ల ముందే నీడ సిద్ధం చేస్తానని నలుగురిలో పలికాడు. పనివాడే, కాదనలేము.

ఒకే తల్లి వేళ్లయితేనే మొక్కలు చక్కగా అతుకుతాయి. అందుకని అతడు పాతమాను దగ్గరే గునపం పట్టాడు. భార్య సుంకమ్మ చూసి, "ఒకపక్కనే తవ్వయ్యా. ముసలిది, దానికి అవే కాళ్లు" అన్నది. ఆత్రగాడికి బుద్ధి మట్టు అని ఊరికే అన్నారా! ఎన్ని ముక్కలైతే మాను అంత లావు అనుకొని, ఆమె ఇంటికి పోగానే చుట్టూ తవ్వి, వేళ్లు కోసి, మట్టి కప్పేశాడు.

ముక్కలు చిగిర్చాయి. తిరుపాలు కాలు నేల మీద నిలవలేదు. ఆ వేసవి గాలివానకు పాతమాను కూలిపోయింది. ఊరంతా పరుగెత్తి వచ్చింది. పెళ్లగిలిన మొదలు చుట్టూ ఏటవాలుగా, నున్నగా కోసిన వేళ్లు బయటపడ్డాయి. ఆ కోత ఎవరి కత్తిదో ఆ ఊళ్లో పిల్లలకు కూడా తెలుసు. చూసినవాళ్లు చూసినట్లే ఇళ్లకు మళ్లారు. తిట్టినా బాగుండును. తిరుపాలుకు తల కొట్టేసినట్లయింది.

అది మొదలు అతడు తువ్వాలు ముఖం మీదికి లాక్కొని తిరిగేవాడు. తెల్లవారకముందే వచ్చి, కూలిన తల్లిమాను బెరడు నుంచే నార తీసి, తడిపి, అమ్మవారి వెనుక నాటిన మొక్కలను చేర్చి కట్టేవాడు. కట్టు బిగిసి బెరడు తెగకుండా సడలించి మళ్లీ కట్టేవాడు. మనిషి అలికిడి వినిపిస్తే పొదల్లోకి తప్పుకొనేవాడు. సుంకమ్మ వడ్డించినా గోడవైపు తిరిగి తినేవాడు. లోలోపల కుమిలిపోయాడు పాపం.

ఒక మిట్టమధ్యాహ్నం గుడిసెలో అతడికి కునుకు పట్టింది. అమ్మవారు కలలో కనిపించి, "నా నెత్తిన ఎండ కాస్తున్నదిరా. నీ నెత్తిన తువ్వాలు దేనికి?" అన్నారు.

ఆ రోజు అమ్మవారికి పొంగళ్లు. ఊరంతా కోనలోనే ఉన్నది. తిరుపాలు ఆ ఎండలోనే వచ్చి, అందరి ముందూ తువ్వాలు తీసి, నాలుగు కర్రలు పాతి దాన్నే అమ్మవారికి పందిరిగా కట్టాడు. వట్టి తలతో నిలబడ్డాడు. ఎటు చూడాలో తెలియలేదు. జనం తమ పొయ్యిల వైపు తిరిగిపోయారు.

ఆడది మగని పేరు పలకరాదని ఆ కాలపు కట్టుబాటు. సుంకమ్మ పొయ్యి మీది పొంగలి కుండ దించి, ఊరంతా వినేటట్లు, "తిరుపాలూ, ఆకు వేశాను, రా" అన్నది. అని, తానే సిగ్గుతో కొంగులో ముఖం దాచుకొన్నది. తన కోసం ఆమె తెచ్చుకున్న ఆ సిగ్గు చూసి అతడు ఏడ్చేశాడు. వెళ్లి ఆకు ముందు కూర్చున్నాడు.

నేటికీ తప్పు చేసి తల ఎత్తుకోలేనివారు ఇక్కడికి వచ్చి, తలగుడ్డను అమ్మవారికి పందిరిగా కట్టి నిలబడతారు. ఏం తప్పని ఎవరూ అడగరు. ఇంటివారు పేరు పెట్టి పిలిచేదాకా కదలరాదు, పిలిచాక అక్కడే కూర్చుని పొంగలి తినాలి. తెగిన చుట్టరికాలు అమ్మవారి దయవల్ల అతుకుతాయని భక్తుల నమ్మకం. పిలవడానికి ఎవరూ రానివారిని పూజారమ్మ పేరడిగి తానే పిలుస్తుంది.