కన్నీటి సుడి గుర్రం

అనగనగా, గుర్రాలకు గొప్ప గొప్ప పేర్లూ మనుషులకు ఉత్త మారుపేర్లూ ఉన్న కాలంలో, తేజిపల్లె అని ఒక ఊరుండేది. ఎప్పుడంటారా? మీ ముత్తాత ముత్తాతకు ఇంకా మీసం మొలవని రోజుల్లో అనుకోండి.

ఆ ఊళ్ళో వరి పండదు. రాగి పండీ పండనట్టు పండుతుంది. ఆ ఊరి పంటంతా గుర్రాలే. ఇంటింటికీ ఒక లాయం. పిల్లను పుట్టించడం, దానికి నడక నేర్పడం, ఏడాదికోసారి మిట్ట మీద జరిగే సంతలో పదిమంది ముందు నడిపించి అమ్మడం. పరుగు ఎవరైనా నేర్పుతారు. నడక నేర్పడంలోనే ఉంది పనితనమంతా. రౌతు అరచేతిలో నిండు పాలగిన్నె పట్టుకుని సంత చుట్టూ తిరిగి రావాలి. పాలు తొణక్కపోతే ఆ ఏడు ఆ గుర్రానిదే పేరు.

నడక చూశాక ఒంటి మీది వెంట్రుకల సుడులు చూసేవాళ్ళు. నుదుట సుడి ఉంటే సిరి. మెడ మీద ఉంటే జయం. కంటి కింద ఉందా, ఇక అంతే సంగతులు. దాన్ని కన్నీటి సుడి అనేవాళ్ళు. ఆ గుర్రం ఉన్న ఇంట్లో ఏడుపు తప్పదని నమ్మకం. అలాంటి పిల్ల పుడితే పుట్టిన పూటే కొండ కనుమలో వదిలేసి రావాలి. మిగతా సంగతి చిరుతపులి చూసుకుంటుంది.

మరి వదిలి వచ్చేదెవరు? ఊరికి నీళ్ళు మోసే సుంకులమ్మ. "ఆమెకు లాయమా, గుర్రమా? కీడు తగిలినా పోయేదేముంది?" అని పెద్దమనుషులు తేల్చేశారు. పెద్దమనుషుల న్యాయం ఎప్పుడూ పల్లానికే కదా పారేది!

సుంకులమ్మ నోరు మాత్రం చెడ్డది. కొండ మీది ఊటకు పోతూ ఒకరిని, వస్తూ ఒకరిని తిట్టనిదే ఆమెకు తిన్నది అరిగేది కాదు. చెవులు మాత్రం మెత్తనివి. ఎవరు ఏడ్చినా తట్టుకోలేదు.

మొదటి పిల్లను వదిలి వస్తుంటే అది వెనకనించి సకిలించి ఏడ్చింది. ఆ పూట సుంకులమ్మ సంగటి ముట్టలేదు. రెండో పిల్ల ఇంకా గట్టిగా ఏడ్చింది. ఆమె చెవుల్లో కొంగు కుక్కుకుని పరుగెత్తుకొచ్చింది. అయినా వినబడింది. మూడోది ఏడవనే లేదు. అది ఆమె కొంగునే నోట్లో పెట్టుకుని చీకడం మొదలుపెట్టింది.

"నీ మొగం మండ, ఇడువే! నువ్వన్నా ఏడ్చి చావకూడదా, నా దారిన నేను పోతా" అని తిట్టింది సుంకులమ్మ. తిట్టి, కింద కూలబడింది. లేచి, దాన్ని భుజాన వేసుకుంది.

ఊట వెనక రాళ్ళ మధ్య ఒక వాగు వంక ఉంది. అక్కడ దాచింది. అంత ఎత్తు ఎక్కే ఓపిక ఊళ్ళో ఎవరికీ లేదు, ఉంటే సుంకులమ్మతో పనేముంది? మేకపాలు పోసి పెంచింది. తెలిస్తే పిల్ల ప్రాణం పోతుంది, తను ఊరు విడవాలి. అది తెలిసే పెంచింది. ఊళ్ళో గుర్రాలకు రణభేరి, మేఘమాల, కస్తూరి అని పేర్లుంటే తన ఆడపిల్లకు ముంత అని పేరు పెట్టింది.

ముంత ఎదిగింది. నడుముకు అటొక కడవ, ఇటొక కడవ కట్టి ఊరి మొదట్లో ఉన్న పెద్ద రాతిగుండు దాకా తీసుకొచ్చేది సుంకులమ్మ. అక్కడ దించుకుని తను నెత్తికెత్తుకునేది. దారంతా రాళ్ళు. ముంత ఉరికితే నీళ్ళు చిందేవి, చిందితే దాని వీపే తడిసేది. అదే దానికి బడి. సుంకులమ్మ ముందు నడుస్తూ ఒకే మాట పాడేది.

"నిదానం తల్లీ నిదానం, నిండుకుండ తొణకదు."

రాను రాను ముంత నాలుగు కాళ్ళూ ఒకదాని వెంట ఒకటి వేసి, పరుగంత జోరుగా, నెత్తిన కడవ ఉన్న ఆడమనిషంత నిబ్బరంగా నడవడం పట్టుకుంది.

ఆ ఏడు సంతకు పాళెగారు వచ్చాడు. వచ్చేటప్పటికే ఆయన వీపున రాచపుండు. సంతలో అది రెచ్చిపోయింది. కనుమ అవతల కత్తివైద్యుడున్నాడు గానీ ఆయన కాళ్ళు పడిపోయిన ముసలివాడు, రాలేడు. దొరే పోవాలి. పల్లకీ ఎక్కిస్తే కుదుపుకొక కేక. దించేశారు.

పాళెగారి బంట్లు కత్తులు దూసి ఊరి పెద్ద ఓబళయ్యను పట్టుకున్నారు. "కుదపని గుర్రాన్ని తెండి. దొరకేమన్నా అయితే ఈ సంతా ఉండదు, ఈ ఊరూ ఉండదు."

రణభేరి వచ్చింది. నాలుగడుగులు వేసింది. దొర "అమ్మో!" అన్నాడు. మేఘమాల వచ్చింది. రెండడుగులు వేసింది. దొర "అయ్యో!" అన్నాడు. కస్తూరి వచ్చింది. అడుగు వేయకముందే దొర వెక్కి వెక్కి ఏడ్చాడు. అంత పెద్ద మీసాల కిందనుంచి పసిబిడ్డ ఏడుపు వస్తుంటే, నవ్వడానికి భయపడి జనం నేల చూశారు.

సంతలో నీళ్ళు పోస్తున్న సుంకులమ్మ చెవిన పడింది ఆ ఏడుపు. "సచ్చే ఏడుపు ఏడుస్తాండాడే, నాకెందుకొచ్చిన పీడ" అని గొణిగింది. ముంత బయటికొస్తే సుడి బయటపడుతుంది. సుడి బయటపడితే ముంత మిగలదు. కడవ ఎత్తుకుంది. నాలుగడుగులు వేసింది. ఏడుపు వెంట వచ్చింది. కడవ నేలకేసి కొట్టి వంక వైపు ఉరికింది.

ముంత కంటి కింద ఇంత తడిమట్టి పూసి సంతలోకి తోలుకొచ్చింది. జీను లేదు, గొంగళి ఒకటే.

"యాడిదే ఇది?" అన్నాడు ఓబళయ్య.

"నీ తలకాయలోది. ముందు దొరను ఎక్కించు పెద్దయ్యా!"

దొరను ఎక్కించారు. సుంకులమ్మ ముందు నడిచింది. "నిదానం తల్లీ నిదానం, నిండుకుండ తొణకదు." మిట్ట దిగారు, దొర కేక వేయలేదు. కనుమ మొదలైంది, కేక వేయలేదు. బంట్లు ఒకరి మొగం ఒకరు చూసుకున్నారు. ఓబళయ్య ఊపిరి పీల్చుకున్నాడు.

అంతలో చినుకులు పడ్డాయి. తడిమట్టి కరిగి జారిపోయింది.

"కన్నీటి సుడి!" అని అరిచాడు ఓబళయ్య. "దొరా, దిగండి! చంపుతాది మిమ్మల్ని! మే సుంకులమ్మా, ఎంత పని చేస్తివే!"

బంటు కత్తి ఎత్తాడు. సుంకులమ్మ ముంత మెడను కావలించుకుంది. తిట్టడానికి నోరు తెరిచింది. ఒక్క తిట్టూ రాలేదు. ముంత కంటి కింద వాన నీళ్ళు కారుతుంటే, బిడ్డకు తుడిచినట్టు బొటనవేలితో తుడిచింది. తుడిచి, ఆ సుడిని చూసింది. తన వేలిని చూసుకుంది.

"ఎవుర్రా దీన్ని కన్నీటి సుడి అన్నది? కండ్లుంటే సూడండి! తల్లి బిడ్డ కన్ను తుడిస్తే వేలు ఎట్ల తిరుగుతాది? ఇట్లనే గదా! ఇది ఏడిపించే సుడి కాదు. దేవుడు దీని కన్నీళ్ళు తుడిచినాడు, ఆ వేలి గుర్తు. ఇది కన్నీళ్ళు తుడిచే సుడి!"

ఆ మాట అప్పటికప్పుడు పుట్టిందే. నిజమా అబద్ధమా అంటే ఆమెకూ తెలియదు.

దొర మెల్లగా చెయ్యెత్తి తన చెంప తడుముకున్నాడు.

"పొద్దుననంగా మొదలుపెట్టిన ఏడుపు," అన్నాడు. "దీని మీద ఎక్కినప్పటి నించి నేను ఏడవలేదు గదరా. కత్తి దించు. ఆయమ్మ చెప్పిందే నిజం. నడిపించు తల్లీ."

హమ్మయ్య! బంటు అన్నాడు, ఓబళయ్య అన్నాడు, ముంత కూడా ముక్కుతో బుస్సుమని ఊపిరి వదిలింది. సుంకులమ్మ మాత్రం కాసేపు ముంత మెడను పట్టుకునే నడిచింది.

వైద్యుడు పుండు కోశాడు. దొర బతికాడు. తేరుకుని, "ఏం కావాలో కోరుకో" అన్నాడు.

అప్పుడు ఏడ్చింది సుంకులమ్మ. "ఈ మాట నాకు ముందే తోచింటే, ఆ రెండు పిల్లలూ బతికిండేవి గదా సామీ! ఇంగ ఏ పిల్లనూ కనుమలో ఇడవొద్దని చెప్పండి. అంతే చాలు."

దొర అట్లాగే చాటింపు వేయించాడు. ముంత కడుపున చాలా పిల్లలు పుట్టాయి. అన్నీ తల్లి నడకే నడిచాయి. ఆ నడకకు కడవ నడక అని పేరొచ్చి, తేజిపల్లె గుర్రం కోసం దేశదేశాల వాళ్ళు వచ్చారు. సుంకులమ్మ ఊరందరినీ తిడుతూ నిండుగా బతికి, ఒకనాడు ఎవరినీ తిట్టకుండా కన్ను మూసింది. ఊరంతా గుర్రాలను నడిపించుకుంటూ ఆమె వెంట పోయింది.

ఇప్పటికీ ఆ వైపు గుర్రం ఈనితే, ముందు పిల్ల కంటి కిందే చూస్తారు. సుడి ఉంటే ఇంటి ఆడమనిషి వేలు తడిచేసుకుని దాని మీద మూడుసార్లు తుడిచి, "తుడిచేసినాం సుంకులమ్మా" అంటుంది. ఇంటిల్లిపాదీ "హమ్మయ్య" అంటారు. సుడి లేకపోతే కొంచెం దిగులుపడతారు. అలాంటి పిల్లకు ఒక పద్ధతి ఉంది. పుట్టిన పూటే ఎవరో ఒకరు దాన్ని కనుమ దాకా ఎత్తుకుపోయి, సుంకులమ్మ ముంతను తెచ్చుకున్నట్టు మళ్ళీ ఇంటికి ఎత్తుకొస్తారు.