అరవై నాలుగో నియమం

బండి తోలేవాళ్లు అరవై నాలుగు దారి నియమాలు అప్పజెప్పి అనుమతి ముద్ర వేయించుకోవాలని రాజుగారు శాసనం చేశారు. సింగన్న ఎడ్లకు మేత వేస్తూ, కుడితి పెడుతూ వాటిని వల్లెవేసి వల్లెవేసి సొమ్మసిల్లాడు. ఆరోసారి పరీక్షలో అరవై మూడు గడగడా చెప్పి, చివరిదాని దగ్గర నీళ్లు నమిలాడు.

"తప్పావు, మళ్లీ రా," అన్నాడు దారుల అధికారి భీమరాజు.

సాయంత్రం ఆయన బయటికొచ్చి చూస్తే, పొద్దున తనను మూడు కోసుల దూరం నుంచి తెచ్చిన సింగన్న, బండి కింద పడుకుని ఉన్నాడు. పక్కనే ఎడ్లు నెమరేస్తున్నాయి.

"లేరా, నన్ను ఇంటికి చేర్చు!"

"పరీక్షకు వచ్చేటప్పుడు తప్ప, ముద్ర లేనివాడు తోలితే పది కొరడా దెబ్బలు, తెలిసీ ఎక్కినవాడికి ఇరవై. పన్నెండో నియమం, దొరా," అన్నాడు సింగన్న నీరసంగా.

భీమరాజు రాళ్లదారిని, తన కొత్త చెప్పులను చూసుకున్నాడు. పళ్లు కొరుకుతూ ముద్ర వేసిచ్చాడు.

సింగన్న ముద్ర పత్రాన్ని తలకింద పెట్టుకున్నాడు గానీ లేవలేదు.

"ఇంకేమిట్రా?"

"అరవై నాలుగోది ఇప్పుడు గుర్తొచ్చింది, దొరా. అలిసిన ఎడ్లను బండికి కట్టకూడదు."