కొండ మీద లేని మాస్టారు

ఇవాళ పొద్దున మీరు నడిచొచ్చిన దారిలో ఏం చూశారో చెప్పండి. ఆలోచించుకోవద్దు, వెంటనే చెప్పండి. "ఏముంది చూడ్డానికి, రోజూ ఉండేదే" అంటారేమో, ఆ జవాబు పనికిరాదు. "చల్లగాలి వీచింది, పక్షులు కూశాయి" అంటారేమో, అది అసలే పనికిరాదు. ఆ ముక్క మంచం దిగకుండా కూడా చెప్పొచ్చు. కథలు రాయడం నేర్పమని తన దగ్గరికి వచ్చిన ప్రతివాడినీ దాలినాయుడు మాస్టారు ఇలాగే నిలబెట్టి అడిగేవారు. జవాబు రాకపోతే కోప్పడేవారు. అందమైన జవాబు వస్తే ఇంకా కోప్పడేవారు.

ఆయన హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరైన మనిషి. డెబ్బై దాటినా నడుం వంగలేదు. ఊరిని ఆనుకుని సింగన్న మెట్ట అని ఒక రాళ్ల కొండ ఉంది. వెలుతురు రాకముందే దాన్ని ఎక్కి, పొద్దెక్కేసరికి దిగి రావడం ఆయన అలవాటు. ఆయనకు పేరు తెచ్చిన కథలన్నీ ఆ ఎక్కడం దిగడంలో పుట్టినవే. ఒళ్లు కదలనివాడి కథలో మనుషులు కూడా కదలరని ఆయన నమ్మకం. అలాంటివాడి నాయకుడు మంచం మీద పడుకుని గతం తలుచుకుంటాడు, కిటికీలోంచి చూస్తాడు, నిట్టూరుస్తాడు, మళ్లీ పడుకుంటాడు. అలాంటి కథలు చదివీ చదివీ మాస్టారికి ప్రాణం విసిగిపోయింది. అందుకని ఒక పద్ధతి పెట్టారు. శిష్యుడు రోజూ మెట్ట ఎక్కాలి, ఒంటరిగా ఎక్కాలి. ఇద్దరు కలిసి వెళ్తే కబుర్లే తప్ప చూపు ఉండదని, ఆయన దిగే వేళ దాటాకే శిష్యుడు బయల్దేరాలి. దిగాక నేరుగా మాస్టారి వరండాలోకి వచ్చి, కూర్చోకుండా నిలబడి, చూసింది చెప్పాలి. ఆ తరవాతే కాగితం, కలం.

ఈ పద్ధతికి చాలామంది పారిపోయారు. మిగిలినవాడు గౌరీశ్వరరావు ఒక్కడే. అతను రిజిస్ట్రారాఫీసులో గుమాస్తా. నలభై ఏళ్లకే ఒళ్లు కుర్చీ ఆకారానికి వచ్చేసింది. షుగరు మొదలైంది, నడవకపోతే లాభం లేదని డాక్టరు కూడా చెప్పాడు. ఒక కొండతో రెండు పనులూ అవుతాయని సంబరపడ్డాడు. కొన్నాళ్లు నిజంగానే ఎక్కాడు, అదీ మొదటి మలుపుదాకానే. పిక్కలు పట్టేశాయి, మోకాళ్లు మొరాయించాయి. ఒక వాన రోజున వాళ్ల డాబా మీద కుర్చీ వేసుకుని, కాఫీ తాగుతూ, ఎదురుగా కనిపిస్తున్న మెట్టను చూస్తూ ఆ పూట చెప్పాల్సింది అల్లుకున్నాడు. మాస్టారు విని, కాగితం, కలం తీసుకోమన్నారు. ఇక ఆ తరవాత వాన లేకపోయినా డాబాయే. వరండాకు బయల్దేరేముందు చెంబుడు నీళ్లతో చొక్కా కాలరూ వీపూ తడుపుకోవడం మాత్రం మరిచిపోయేవాడు కాదు.

అతను చెప్పే తీరు కూడా బాగుండేది, అది ఒప్పుకోవాలి. రెండో మలుపులో చింతచెట్టు, దాని మీద కొమ్మ కోసం కాట్లాడుకునే రామచిలకలు, మేకలు తోలుకుపోతూ పలకరించే ముసలి కాపరి, అతని భుజం మీద చిరిగిన గొంగళి, అన్నీ కళ్లకు కట్టేవి. ఆ చిలకల్లో ఒకదానికి కాలు అవిటిదని కూడా చెప్పాడు. మాస్టారు మోకాళ్లకు నూనె రాసుకుంటూ వినేవారు. రోజులు గడిచేకొద్దీ ఆయన మొహం చేదుమాత్ర మింగినట్టు అయ్యేది. ఒకరోజు ఉండబట్టలేక, "నీ కొండకు ఎత్తు లేదేటిరా? ఎక్కినవాడి మాట ఎక్కడో ఒకచోట ఆగుతుంది. నీది నున్నగా జారిపోతోంది" అన్నారు. అది శైలి మీద విమర్శ అనుకున్నాడు గౌరీశ్వరరావు. మర్నాడు చెప్పేటప్పుడు మధ్యమధ్య కాస్త ఆయాసం కలిపాడు. మాస్టారు నూనెగిన్నె అవతల పెట్టి లోపలికి వెళ్లిపోయారు.

రోహిణి ఎండలు మొదలైన రోజుల్లో అతని కథ ఒకటి పత్రికనుంచి తిరిగొచ్చింది. ఆ ఉక్రోషంలో మాస్టారిని నిలదీశాడు. కథంటేనే కల్పన కదా, లేనిది ఉన్నట్టు చెప్పడమే కదా, మరి బాగా ఊహించగలిగినవాడు పనిగట్టుకుని వెళ్లి చూడాల్సిన అవసరం ఏమిటని అడిగాడు. తనలాంటివాళ్లను ఎండలో కొండలెక్కించడం డ్రిల్లు మాస్టారి పాతవాసనే తప్ప సాహిత్యానికి దానితో పనిలేదని కూడా అన్నాడు. ఇంట్లోంచి మాస్టారి భార్య తవిటమ్మ తొంగిచూసింది, ఇవాళ వీడి పని అయిపోయిందనుకుంది. మాస్టారు తిట్టలేదు. రేపు రమ్మని పంపేశారు.

మర్నాడు గౌరీశ్వరరావు తడి కాలరుతో వచ్చేసరికి మాస్టారి గుమ్మం ముందు పదిమంది ఉన్నారు. ఎప్పుడో దిగి రావలసిన మాస్టారు ఇంకా ఇంటికి రాలేదు. ఆయన దగ్గర చదువుకున్న ఆటో బంగార్రాజు, పక్కింటివాళ్లు, ఎదురు కొట్టువాడు, అందరూ మెట్టవైపే బయల్దేరబోతున్నారు. తవిటమ్మ ఇతన్ని చూడగానే చేతులు జాపుకుంటూ ఎదురొచ్చింది.

"ఒరే గౌరీ, నువ్వు మెట్ట దిగే కదా వస్తన్నావు? మీ మాస్టారు కనపడ్డారేటి?"

నేను వెళ్లలేదు అంటే సరిపోయేది. రెండు మాటలు. కాని చుట్టూ అంతమంది, వాళ్లందరి కళ్లూ అతని తడిసిన చొక్కా మీద. లేదమ్మా అన్నాడు. అక్కడితో ఆగినా కొంత నయంగా ఉండేది. అలవాటుపడిన నోరు ఊరుకోలేదు. పైదాకా వెళ్లాననీ, మాస్టారి జాడ ఎక్కడా లేదనీ, దారిలో మేకల కాపరి ఎదురైతే అడిగాననీ, ఈ పొద్దు ఇటు ఎవరూ రాలేదని అతను అన్నాడనీ చెప్పాడు. కాపరి ఆ మాట అంటూ గొంగళి ఏ భుజం మీదకు మార్చుకున్నాడో కూడా చెప్పాడు. అంత వివరంగా చెప్పినవాణ్ణి ఎవరు అనుమానిస్తారు? కొట్టువాడు ఒకసారి మనమూ చూసొద్దామని నసిగాడు. బంగార్రాజు విసుక్కున్నాడు.

"గౌరిబాబు ఇప్పుడే చూసొచ్చేశారు కదా, మళ్లీ మనమెళ్లి చూసేదేటి? కాలవకాడికి పదండి."

పదిమందీ కొండకు వీపు తిప్పి కాలవవైపు నడిచారు.

గౌరీశ్వరరావు కూడా వాళ్లతో వెళ్లాడు. వెళ్లకపోతే బాగుండదని వెళ్లాడు. ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. రేవు దగ్గర ఎవరిదో పాత కండువా దొరికింది. మాస్టారిది కాదన్నారు, అయినా తవిటమ్మ దాన్ని చేతిలోంచి వదల్లేదు. ఒకతను వెదురుకర్ర తెచ్చి నీళ్లలో గుచ్చి చూడ్డం మొదలుపెట్టాడు. కర్ర దిగినప్పుడల్లా ఆవిడ కళ్లు మూసుకుంటోంది. దాన్ని చూస్తూ నిలబడ్డాడు గౌరీశ్వరరావు. తను వెతకని మనిషికోసం వీళ్లు నీళ్లడుగున వెతుకుతున్నారు. ఇప్పుడైనా చెప్పొచ్చు. నోరు తెరిచాడు కూడా. ఇంతసేపూ ఎందుకు చెప్పలేదని అడిగితే? మాస్టారు ఏ స్నేహితుడి ఇంటికో వెళ్లి క్షేమంగా తిరిగొస్తే, ఊరికే పరువు పోతుంది కదా? చెప్పడంకన్నా ఎక్కడమే తేలికనిపించింది. బస్టాండులో అడిగొస్తానని అందరూ వినేలా చెప్పి, సందు తిరిగి, మెట్టవైపు పరిగెత్తాడు.

పరుగు సందు చివరిదాకానే సాగింది. మెట్ట మొదట్లోనే గుండె గొంతులోకొచ్చింది. డొక్కలో పోటు. రాళ్లు చెప్పుల్లోంచి కాలుతున్నాయి, చెయ్యి ఆనిద్దామంటే బండ పెనంలా ఉంది. చొక్కా నిజంగా తడిసి ఒంటికి అంటుకుంది. కొండ వెనక క్వారీ యంత్రం రొద హోరెత్తిపోతోంది, పైన మనిషి అరిచినా కింద ఊళ్లోకి వినపడదు. ఆ రొద అతను చెప్పిన ఏ పొద్దులోనూ లేదు. ఒక్కో అడుగుకూ ఆగుతూ, కొన్నిచోట్ల చేతులూ మోకాళ్లూ మోపి పాకుతూ రెండో మలుపుకు చేరాడు. అక్కడ చింతచెట్టు లేదు. మొదలంటా నరికేసిన మోడు ఉంది, అదీ కొత్తగా నరికింది కాదు, ఎండి నెరలిచ్చి బూడిదరంగుకు తిరిగింది. రోజూ ఈ మోడు పక్కనుంచి నడిచి దిగివచ్చిన మనిషి, వరండాలో కూర్చుని, ఆ చెట్టు మీద చిలకల కాట్లాట అంతా విన్నాడన్నమాట.

మోడు దాటాక, రెండు బండల మధ్య, మాస్టారు కూర్చుని ఉన్నారు. జారిన రాయి కింద చీలమండ నలిగి బుట్టలా వాచింది. తువ్వాలు తలకు చుట్టుకున్నారు. పెదాలు పగిలిపోయి ఉన్నాయి. నీళ్లు ఉన్నాయా అని సైగ చేశారు. లేవు. పొద్దున కాలరు తడుపుకున్న చెంబుడు నీళ్లు ఇప్పుడు దొరికితే గౌరీశ్వరరావు తన ఉద్యోగమే రాసిచ్చేసేవాడు. లేపి భుజాన వేసుకోబోయాడు. ఇద్దరూ కలిసి ఒరిగిపోయారు. మళ్లీ ప్రయత్నించాడు, తొడలు గజగజలాడాయి, మాస్టారు నొప్పికి పళ్లు బిగించి అతని చెయ్యి తోసేశారు. మోసేవాళ్లను పిలుద్దామని ఊరివైపు తిరిగి నోరు తెరిస్తే, అరవడానికి ఊపిరి చాల్లేదు. నీడకోసం తన చొక్కా విప్పి ఆయన కాళ్ల మీద కప్పాడు, ఇక చేయగలిగింది అదొక్కటే.

మాస్టారు పొడి గొంతుతో మిగతావాళ్లు ఎక్కడున్నారని అడిగారు. కాలవ దగ్గరన్నాడు. తను రోజూ వచ్చేది కొండకైతే వాళ్లు కాలవకు ఎందుకు వెళ్లారన్నారు. గౌరీశ్వరరావు మాట మధ్యమధ్య ఆగిపోతూ, ఈసారి కలపకుండానే ఆగిపోతూ, కొండ మీద మీరు లేరని నేనే చెప్పానన్నాడు. కాపరి సంగతి కూడా చెప్పాడు. మాస్టారు కళ్లు మూసుకున్నారు. తిడతారని ఎదురుచూశాడు, తిడితే బాగుండుననుకున్నాడు. ఆయన మొహంలో కోపంకన్నా విసుగే ఎక్కువ కనిపించింది, ఒకే తప్పు దిద్దీ దిద్దీ చెయ్యి నొప్పెట్టినవాడి విసుగు.

"బాగానే ఊహించావురా. మెట్టను పెట్టావు, మేకల్ని పెట్టావు, గొంగళి కూడా పెట్టావు. నన్నొక్కణ్ణే పెట్టలేదు."

ఆ తరవాత, మోసేవాళ్లను తీసుకురమ్మని చేత్తో కిందికి చూపించారు. గౌరీశ్వరరావు దిగాడు. బనీనుతో, కాళ్లు తడబడుతూ, రాళ్లు పట్టుకుంటూ దిగాడు. మొదటి మలుపు ఇంకా రానేలేదు, అతని తలలో అప్పుడే ఒక కథ సిద్ధమవుతోంది: పొద్దున వెళ్లింది తూర్పు దారి, మాస్టారు పడిపోయింది పడమటి దారి, ఎందుకో మనసు కీడు శంకించి మళ్లీ ఎక్కాడు. ఎక్కడా అతుకు కనపడదు. అందరూ నమ్ముతారు, భుజం తట్టి మెచ్చుకుంటారు కూడా. కింద మెట్ట మొదట్లో తవిటమ్మ కనిపించింది. ఏమనిపించిందో ఏమో, కాలవ వదిలేసి ఒక్కతే పరుగులాంటి నడకతో వస్తోంది, ఆ కండువా ఇంకా చేతిలోనే ఉంది. క్వారీ రొద ఒక్కక్షణం ఆగిన సందులో పైనుంచి మాస్టారి గొంతు సన్నగా వినిపించింది.

"ఆవిడతో మాట్లాడేముందు కాస్త ఊపిరి తీసుకోరా."

ఊపిరి తీసుకున్నాక గౌరీశ్వరరావు నోట్లోంచి వచ్చిన మొదటి మాట ఏమై ఉంటుంది? అతని సంగతి సరే, ఆ చోట మీరే నిలబడితే ఏమై ఉండేది?