మగ్గం గుంటలోంచి

"బొమ్మ పూర్తయిందని ఎప్పుడనుకోవాలి మాస్టారూ?" అని సుహాసిని ఒక ఉదయం తన గురువును అడిగింది. అడిగిందే గాని, ఆయన జవాబు చెప్పరని తెలుసు గనక, మళ్లీ కంప్యూటర్ వైపు తిరిగి కూర్చుంది.

మస్తాన్ వలీ మాస్టారికి చీరాల స్టేషన్ రోడ్డులో ఫొటో స్టూడియో ఉండేది. నలభై ఏళ్లు పెళ్లిళ్లకూ పాస్‌పోర్టులకూ ఫొటోలు తీశారు. జనమంతా సెల్‌ఫోన్లలో ఎవరి మొహం వాళ్లే తీసుకోవడం మొదలుపెట్టాక, అరవై దాటిన వయసులో కొత్త విద్య పట్టుకున్నారు. మనిషి రెండు కళ్ల మధ్య ఎంత ఎడం ఉంటుందో అంతే ఎడంగా రెండు కెమెరాలు బిగించి, స్టాండు మీద కొంచెం కొంచెంగా తిప్పుతూ చుట్టూ ఉన్నదంతా తీయడం, ఆ ముక్కలన్నిటినీ కంప్యూటర్లో ఒకదానికొకటి కుట్టడం, కుట్టినదాన్ని తలకు తగిలించుకునే వీఆర్ హెడ్‌సెట్‌లో చూపించడం ఆ విద్య. అది పెట్టుకున్నవాళ్లు తల ఎటు తిప్పితే అటు, ఎత్తితే పైన, వంచితే కింద, అక్కడే ఉన్నట్టు కనపడుతుంది. దగ్గరున్నది దగ్గరగా, దూరమున్నది దూరంగా, చేయి చాస్తే అందేటట్టు ఉంటుంది. ఊళ్లోవాళ్లు దాన్ని కళ్లడబ్బా అనేవాళ్లు. మాస్టారు మాత్రం ముచ్చటగా చుట్టుచూపు అనేవారు. ఎవరేం అడిగినా ఆయన సమాధానం చెప్పేవారు కాదు, పని చెప్పేవారు.

సుహాసిని కాలేజీలో లెక్కలు చెప్పే ఉద్యోగం మానుకుని ఈ విద్య కోసం వచ్చిన మనిషి. చేయి మంచిది, కన్ను మరీ మంచిది. ఆ కన్నే ఆమె కొంప ముంచింది. కుట్టు దగ్గర వెంట్రుకంత తేడా కనపడినా ఆ పూట ఆమెకు అన్నం సహించదు. కోడిగుడ్డు మీద ఈకలు పీకడమంటే ఏమిటో తెలియని వాళ్లెవరైనా ఉంటే, ఆమె పక్కన ఒక గంట కూర్చుంటే చాలు. రెండేళ్లలో పదకొండు చుట్టుచూపులు తీసింది. ఒక్కటీ గడప దాటలేదు. వాడరేవు సముద్రాన్నయితే మూడు నెలలుగా కుడుతూనే ఉంది. ఒక ముక్కలో లేచిన అల పక్క ముక్కలోకి వచ్చేసరికి విరిగిపోయి ఉంటుంది, అలలకు ఆగమని ఎవరు చెప్పగలరు? ఈ విద్య తనకు రాదేమోనన్న దిగులు ఆమెలో బాగా ముదిరిన రోజుల్లోనే ఆ ప్రశ్న అడిగింది.

మాస్టారు టీ గ్లాసు పక్కన పెట్టి, "స్టాండు తీసుకో అమ్మాయ్. నాంచారమ్మ ఇంటికి పోదాం" అన్నారు.

నాంచారమ్మ చేనేత మనిషి. పదహారో ఏట అత్తారింటికి వచ్చి, మగ్గం గుంటలోకి దిగింది. గుంట గట్టున కూర్చుని, కాళ్లు లోపలికి వదిలి, తొక్కుడు కర్రలు తొక్కుతూ యాభై ఏళ్లు చీరలు నేసింది. కిందటి శ్రావణంలో వాకిట్లో జారిపడితే తుంటి విరిగింది. ఆపరేషన్ అయింది గాని, కాళ్లు వంగవు. నాలుగు కాళ్ల ఊతకర్ర పట్టుకుని మంచం నుంచి గుమ్మం దాకా నడుస్తుంది, అంతే. ఆ గుంటలో వానాకాలమంతా నీళ్లు ఊరతాయి. తల్లి ఎక్కడ కాలు జారి దాంట్లో పడుతుందోనని కొడుకు ఏడుకొండలు దాన్ని పూడ్చి, చదును చేసి, గచ్చు చేయించాలనుకున్నాడు. తల్లి మీద ప్రేమతోనే అనుకున్నాడు, అందులో అతన్ని తప్పు పట్టడానికేమీ లేదు. బుధవారం పొద్దున మట్టి వస్తుంది. మగ్గం కర్రలు మేనల్లుడు పట్టుకుపోతాడు.

నాంచారమ్మ దానికి అడ్డు చెప్పలేదు. "పూడ్చే ముందు ఒక్కసారి నన్ను దాంట్లో కూర్చోబెట్టండ్రా" అని మాత్రం అడిగింది. కొడుకూ కోడలూ చెరో రెక్కా పట్టుకుని దింపబోతే, నొప్పికి ఆమె వేసిన కేక వీధి చివరిదాకా వినపడింది. డాక్టరు గట్టిగా కేకలేశాడు. ఆ తర్వాత ఆమె మళ్లీ అడగలేదు, అన్నం కూడా సరిగ్గా తినలేదు. కోడలు తులశమ్మే ఎవరో చెప్పగా కళ్లడబ్బా సంగతి విని, స్టూడియో మెట్లెక్కి వచ్చింది. "ఆమె మాట నేను తీర్చలేకపోయాను మాస్టారుగారూ, మీరేమన్నా చెయ్యగలరా?" అని కళ్లనీళ్లు పెట్టుకుంది.

మాస్టారు స్టాండు తీసుకోమన్నది సోమవారం. సుహాసిని వాళ్లింటికి వెళ్లి, ఈ విద్యలో అందరూ పాటించే పద్ధతి ప్రకారమే పని చేసింది. స్టాండును గది నడిమధ్యన నిలబెట్టింది. కెమెరాలను నిలబడ్డ మనిషి కళ్ల ఎత్తుకు లేపింది. ఏ వస్తువూ నాలుగడుగులకంటే దగ్గర లేకుండా చూసుకుంది. వస్తువు మరీ దగ్గరైతే ముక్కకూ ముక్కకూ పొత్తు కుదరదు, కుట్టు చెదిరిపోతుంది. అందుకే ఈ పనిచేసేవాళ్లు దగ్గరి వస్తువంటే పాముని చూసినట్టు చూస్తారు. మర్నాటికి బొమ్మ తయారైంది. ఎన్నడూ లేనిది, ఎక్కడా అతుకు కనపడలేదు. సుహాసిని లోలోపల పొంగిపోయింది. ఇదిగో, పూర్తయిన బొమ్మ అంటే ఇదే, అనుకుంది.

మంగళవారం మధ్యాహ్నం నాంచారమ్మకు హెడ్‌సెట్ పెట్టారు. ఆమె తల అటూ ఇటూ తిప్పి చూసింది. మర్యాదగా కాసేపు ఓపిక పట్టింది.

"బాగుందమ్మా. కష్టపడ్డావు" అంది. తర్వాత నెమ్మదిగా, "మంచం మీంచి రోజూ చూసేది ఇదే గదమ్మా" అంది.

సుహాసిని మొహం మాడిపోయింది. మాస్టారి వంక చూసింది. ఆయన గోడకానుకుని వక్కపలుకు నములుతున్నారు. ఆమెకు కోపం వచ్చింది, ఆ కోపం చల్లారాక సిగ్గు వచ్చింది. మంచం దగ్గర కింద కూర్చుని, "గుంటలోంచి ఏం కనపడుతుంది పెద్దమ్మా?" అని అడిగింది. మొదటి రోజే అడగవలసిన మాట అది.

"గుంటలో కూర్చుంటే ఇల్లు కనపడదమ్మా. పడుగే కనపడిద్ది. కళ్ల నిండా పోగులే. పొట్టకు దుంగ తగల్తా ఉంటది, నేసిన బట్ట చుట్టుకునేది. పిల్లలు తలుపు కాడ నిలబడితే మొహాలు పైన కనపడతయ్, నేను ఆళ్లకంటే కిందుంటా. పొద్దున్నే ఎండ గుమ్మంలోంచొచ్చి పడుగు మీద పారిద్ది." నాంచారమ్మ ఆగి, "అదమ్మా" అంది.

సుహాసిని లేచి వెళ్లి, గుంట గట్టున కూర్చుని, కాళ్లు లోపలికి వదిలింది. కిందటి నెల దాకా నీళ్లున్న గుంట, అడుగున ఇంకా చల్లగా తగిలింది. ఆఖరి పడుగు మగ్గం మీదే ఉంది, మూడొంతులు నేసి ఆగిపోయిన చీర. దుంగ జానెడు దూరంలో ఉంది. "మాస్టారూ, ఇంత దగ్గరైతే కుట్టు నిలవదు" అంది.

"నిలవదు" అన్నారు మాస్టారు.

అయినా సుహాసిని స్టాండును గుంటలోకే దించుదామని లేచింది. తులశమ్మ మగ్గం పక్కనున్న ఒక పోగు తెంపి, అత్తగారు కూర్చున్న మంచం మీది నుంచి ఆమె కళ్లదాకా కొలిచింది. ఆ పోగును గుంట గట్టున నిలబెట్టి పట్టుకుంటే, దాని కొస దగ్గరికి సుహాసిని కెమెరాలను దించింది. స్టాండు కాళ్లు నాంచారమ్మ కాళ్లుండే చోట, గుంటలో నిలబడ్డాయి. అందరూ వాకిట్లోకి పోయాక, బయటినుంచి ఫోన్‌తో నొక్కుతూ చుట్టూ తీసింది. అరుగు మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని కుట్టడానికి కూర్చుంది.

అనుకున్నంతా అయింది. గుమ్మం కుదిరింది, పైన వాసాలు కుదిరాయి, దూరాన పడుగు కొస కుదిరింది. కళ్ల ముందరే, ఎడమచేతి పక్కన, సరిగ్గా కుట్టు పడ్డచోట నాలుగు పోగులు తెగిపోయాయి. ఒక ముక్కలోంచి వచ్చిన పోగు పక్క ముక్కలో దాని కొసను అందుకోలేక పక్కకు జరిగి నిలబడింది. సుహాసిని దాన్ని ఒకసారి సరిచేసింది, ఇంకోచోట ఆరు తెగాయి. ఆ మార్పు తీసేసి మళ్లీ ఆ నాలుగు దగ్గరికే వచ్చింది. "రేపు పొద్దున ఎండలో మళ్లీ తీస్తాను, రేపు మధ్యాహ్నానికి..." అంటుండగానే వీధిలో ట్రాక్టరు వచ్చి ఆగింది.

ఏడుకొండలు చేతులు నలుపుకుంటూ వచ్చాడు. "రేపు బండి దొరకదంట మాస్టారుగారూ. మట్టి ఇప్పుడే తెచ్చేశాడు. ఎళ్లమంటే మళ్లీ వారం దాకా రాడు. వానొచ్చేట్టుంది, అమ్మేమో ఒక్కతే లేచి నడవాలని చూస్తంది. ఏం చెయ్యమంటారు?"

మాస్టారు సుహాసిని చేతిలోని హెడ్‌సెట్ తీసుకున్నారు. "తెగిన పోగులతోనా మాస్టారూ? ఆమె నేతమనిషి, పట్టేస్తుంది!" అని ఆమె దాదాపు ఏడ్చినంత పని చేసింది. ఆయన విననట్టే లోపలికి వెళ్లి, "నాంచారమ్మా, ఇటు తిరుగు" అని తన చేత్తోనే ఆమె తలకు పెట్టారు.

నాంచారమ్మ నోరు కొంచెం తెరుచుకుంది. తల పైకెత్తి గుమ్మం వైపు చూసింది, దించి ఒళ్లో చూసుకుంది. మంచం పక్కన వేలాడుతున్న పాదాలు రెండూ మెల్లగా ఒకదాని తర్వాత ఒకటి కదిలాయి. తొక్కుడు కర్రలు తొక్కుతున్నట్టు అవి కదలడం, పడ్డప్పటినుంచీ ఇంట్లోవాళ్లు చూడలేదు. తులశమ్మ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"దిగానమ్మా" అంది నాంచారమ్మ. "ఇదమ్మా. ఇదే." ఆ తర్వాత ఆమె తల ఎడమకు తిరిగి ఆగిపోయింది. "అయ్యో, పోగులు తెగినయ్యే!"

సుహాసినికి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. తప్పు తనదని చెప్పడానికి ముందుకు వంగింది. మాస్టారు చేయి అడ్డం పెట్టి ఆపారు.

నాంచారమ్మ కుడిచేయి గాలిలోకి జరిగింది. మగ్గం పక్కన కొబ్బరిచిప్పలో బూడిద ఉంటుంది. పోగులు అతికేటప్పుడు వేళ్లు జారకుండా అద్దుకుంటారు. బొమ్మలో ఆ చిప్ప ఎక్కడుందో సరిగ్గా అక్కడే ఆమె వేళ్లు ముంచి తీసింది. ఎడమచేత్తో ఒక కొస పట్టుకుంది, కుడిచేత్తో ఇంకొకటి లాగింది, బొటనవేలూ చూపుడువేలూ కలిపి చిన్నగా మెలిపెట్టింది. ఒకటి. మళ్లీ బూడిద, మళ్లీ మెలి. రెండు. మూడోది కొంచెం మొండికేసినట్టుంది, పెదవి కొరుక్కుని రెండుసార్లు మెలేసింది. నాలుగోది అయ్యాక అరచేత్తో గాల్లోనే బట్టను ఒకసారి నిమిరింది. యాభై ఏళ్లుగా ప్రతి సాయంత్రం పని ఆపేముందు అట్లాగే నిమిరేదట. తులశమ్మ ఆ మాట తర్వాత చెప్పింది.

ఎంతసేపు కూర్చుందో ఎవరూ గడియారం చూడలేదు. ట్రాక్టరువాడు కూడా హారన్ కొట్టలేదు. ఆఖరికి ఆమె తన చేతులతో తనే హెడ్‌సెట్ తీసి ఒళ్లో పెట్టుకుంది. కళ్లు తడిగా ఉన్నాయి, మొహం మాత్రం తేటగా ఉంది.

"ఏడుకొండలూ, మట్టి పోయించు నాయనా" అంది. "వానొచ్చేలోపు పోయించు. ముందు ఆ చీర కోసి కోడలికియ్యి, ఎంత అయితే అంత." సుహాసిని చేయి పట్టుకుని దగ్గరికి లాగింది. "నువ్వెవరి బిడ్డవో తల్లీ. నా చోట్లో నన్ను కూర్చోబెట్టావు. నా కొడుకూ కోడలూ ఇద్దరూ కలిసి ఎత్తితే కాలేదమ్మా ఆ పని. నీ చేతులు చల్లగుండాలి." అని ఆ చేతిని కళ్లకద్దుకుంది. పోగులు తెగాయన్న సంగతి ఆమె మళ్లీ ఎత్తనే లేదు.

తులశమ్మ బలవంతం మీద ఇద్దరూ అక్కడే నాలుగు మెతుకులు తిన్నారు. అత్తగారు కూడా కంచం ఖాళీ చేసి, ఇంకొంచెం పెరుగడిగింది. బయటికి వచ్చేటప్పటికి సగం గుంట పూడింది.

దారిలో సుహాసిని స్టాండు భుజాన వేసుకుని మాస్టారి వెనకే నడిచింది. తనకంటే పెద్దావిడ తన చేతిని కళ్లకద్దుకున్నందుకు, ఆ ఇంట్లో అన్నం తిన్నందుకు, చేయి అడ్డం పెట్టి ఆపిన గురువు దొరికినందుకు ఆమె మనసు నిండిపోయి ఉంది. ఇంత పెట్టినవాళ్లకు తను తిరిగి ఏమివ్వగలదు? ఆమెకు తెలిసిన మార్గం ఒక్కటే.

"మాస్టారూ, ఆ బొమ్మ ఆవిడకే ఇచ్చేద్దాం. పిల్లలకు చూపించుకుంటుంది" అంది. "కాకపోతే రెండు రోజులు టైమివ్వండి. ఆ తెగిన నాలుగు పోగులూ ఎలాగైనా కలిపేసి, శుభ్రంగా చేసి ఇస్తాను."

మాస్టారు ఆగి, ఆమె వంక నిజంగానే అర్థం కానట్టు చూశారు.

"ఏ పోగులమ్మా?" అన్నారు. "ఆవిడ అతికేసింది కదా."